జంటదండెము ఆత్మకథ

నాలుగు ఇనుపకాళ్లపై నిలిచి, సరిసమానముగా సాగిన రెండు కొయ్యచేతులు గలిగి, మీ వ్యాయామశాలలలో ప్యారలల్ బార్స్ అను పేర బరగు జంటదండెమును నేను. నెపోలియనుకు లోబడిన తన ప్రజలకు కండబలము చేకూర్పనెంచి, ఫ్రీడ్రిష్ లుడ్విగ్ యాన్ 1811లో బెర్లిను చెంత హాజెన్‌హైడె యందు బహిరంగ వ్యాయామక్షేత్రమును నెలకొల్పెను. ఆ కాలముననే ఆయన చేతిమీదుగా మా కులము పుట్టినది. 1860 ప్రాంతమున మేము దేహమునకు చేటని ప్రష్యాలో పెద్దరగడ జరుగగా, విర్షో వంటి మహావైద్యులు మా పక్షమున వాదించి మమ్ము నిలిపిరి.

మమ్ము రక్షించినవారు గలరు గాని, మాపై చేయివేయవచ్చిన యూదులను రక్షించినవారు కానరారైరి. వియన్నాలో ఒక ప్రసిద్ధ వ్యాయామసంఘము 1887లో, యూదులను వెలివేసి, ఆర్యులకే ప్రవేశమని నియమము చేసికొనెను. కాన్‌స్టాంటినోపిలులోను జర్మనులు తలుపు మూయగా, అచ్చటి యూదులు 1895లో తమ సంఘమును తామే స్థాపించుకొనిరి. 1898 ఆగస్టులో బాసెలున జరిగిన జియోనిస్టు మహాసభలో మాక్స్ నోర్డావ్ కండబలము గల యూదత్వమును గూర్చి ప్రసంగించెను. అక్టోబరులో బెర్లినున బార్ కోఖ్బా సంఘము వెలసెను. క్రీ.శ. 132లో రోమకులపై తిరుగబడిన ఆ పేరుగల యూదవీరుడు తుదకు ఓడినవాడే యైనను, చేరినవారెవ్వరును దానిని అపశకునమని యెంచలేదు.

నోర్డావ్ వైద్యుడు, కోల్పోయిన కండను మరల సంపాదింపవలెనని ఆయన మాట. దండెమునగు నాకు ఆ మాట రుచింపదు. అంతకు రెండేండ్ల ముందే, 1896లో, ఏథెన్సు ఒలింపిక్కులందు మా జాతి దండెముపైననే జర్మనీకి స్వర్ణము గెలిచిన ఆల్‌ఫ్రెడ్ ఫ్లాటో యూదుడు కాడా? ఆ ఫ్లాటోనే 1942లో ఆ దేశమేలిన నాజీలు తెరేజియన్‌స్టాట్ నిర్బంధశిబిరములో మృత్యువు పాలుచేసిరి. కొదువ కండకు గాదు, తలుపు తెరచువారికి.

నన్ను బార్ కోఖ్బా సంఘమువారు పాతసరకుగా కొనిరి. మొదటి సాయంకాలము వచ్చిన ఒక గుమాస్తా కళ్లజోడును దారముతో చెవులకు కట్టుకొని, నడుమ నిలిచి, మోచేతులు వంచక దేహమును పైకెత్తి, మూడవ ఊపునకు చెమటచేయి జారి, గడ్డము నాకు తాకి క్రింద పడెను. లేచి, నొప్పిని పట్టించుకొనక, ముందు నన్నే రుమాలుతో తుడిచెను. నెల తిరుగునప్పటికి అరచేతులు కాయలు గాచినవి. వారు సాధన చేసినది యాన్ పద్ధతియే. తమను వెలివేసినవారి విద్యనే వారు శ్రద్ధగా నేర్చిరి.

1900లో వారికొక పత్రిక పుట్టినది; 1903లో బాసెలున మహాసభ ప్రతినిధుల యెదుట వ్యాయామప్రదర్శనము జరిగి, చెదరియున్న యూద వ్యాయామసంఘములు ఒక సమాఖ్యయైనవి. 1909లో వియన్నాలో హకోవా అను యూద క్రీడాసంఘము పుట్టుటతో, పడుచువారి చూపు నాపైనుండి కాలిబంతి మీదికి మరలెను. 1925లో ఆ హకోవా ఆస్ట్రియా ఛాంపియనైనప్పుడు అందరును సంతసించిరి, నేను కొంచెము అసూయపడితిని.

ఆ గుమాస్తా బొటనవ్రేలి సిరామరక మాత్రము, ఎన్ని సారులు తుడిచినను పోక, నా కుడిదండెముపై నేటికిని నీలముగా నున్నది.