కార్డుకు కోటలు, కరెంటుకు కోతలు

చవకలో వర్క్‌స్టేషన్ కట్టించే పని గ్రాఫిక్స్ కార్డుతో మొదలవుతుంది. బడ్జెట్ కూడా అక్కడే సగం కరిగిపోతుంది. 450 వాట్ల ఆర్‌టీఎక్స్ 4090 కార్డుకు కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ 850 వాట్లది ఉండాలంటుంది ఎన్‌విడియా. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లిన కొనుగోలుదారు బేరం మొదలుపెట్టేది ఆ ఎస్‌ఎంపీఎస్ దగ్గరే. తర్వాతి వేటు ర్యామ్ మీద. ఒక బిట్ తప్పు దొర్లితే తానే దిద్దుకునే ఈసీసీ ర్యామ్ ‘దండగ’ ఖాతాలో పడుతుంది. రంగుల లైట్ల ఫ్యాన్లు, గాజు పలక క్యాబినెట్ ‘తప్పనిసరి’ ఖాతాకెక్కుతాయి. బ్యాకప్ డిస్కు వచ్చే నెలకు వాయిదా. బిల్లు వద్దంటే 18 శాతం జీఎస్టీ మిగులుతుంది, వారంటీ మిగలదు. చేయాల్సిన పనేదో తేల్చుకుని కొనేవారికి బడ్జెట్ సరిపోతుంది. కొన్నాక పని వెతుక్కునేవారికి కుబేరుడి ఖజానా కూడా చాలదు.