అనుమానానికి 18 శాతం జీఎస్టీ

పంచాయతీ ఎన్నికల ఊసు వినబడగానే బ్యాలెట్టా, ఈవీఎమ్మా అన్న రచ్చ మళ్ళీ రాజుకుంది. ఈసారి ఎవరు ఏ వైపున ఉన్నారో తెలియాలంటే పేపరు చదవక్కర్లేదు, కిందటిసారి ఎవరు ఓడిపోయారో గుర్తుంటే చాలు. 2009లో ఓడిన చంద్రబాబు గారికి యంత్రాల్లో లోపాలు కనబడ్డాయి. ఆ ఏడాదే ఢిల్లీలో ఓడిన బీజేపీకీ కనబడ్డాయి. జీవీఎల్ నరసింహారావు గారు 2010లో ఈవీఎంల మీద ఒక పుస్తకమే రాస్తే, అద్వానీ గారు దానికి ముందుమాట రాశారు. యంత్రాన్ని ఎలా ఏమార్చవచ్చో చేసి చూపించిన పాపానికి హైదరాబాదు ఇంజినీరు హరిప్రసాద్ గారు అదే ఏడాది అరెస్టయ్యారు. 2014లో రెండు పార్టీలూ గెలిచాయి, యంత్రాల జబ్బు దానంతటదే నయమైంది. 2019కి చంద్రబాబు గారి లెక్కలో అది తిరగబెట్టింది. సగం వీవీప్యాట్ స్లిప్పులు లెక్కించాలని 21 ప్రతిపక్షాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్తే, అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక కేంద్రానికి బదులు ఐదు కేంద్రాల స్లిప్పులు లెక్కించమని కోర్టు సర్దిచెప్పింది. అప్పట్లో జగన్ గారికి యంత్రాల్లో ఏ లోపమూ కనబడలేదు, 151 సీట్లు కనబడ్డాయి. 2024 జూన్‌లో 11 సీట్లు మిగిలాక, ముందుకెళ్లిన దేశాలన్నీ పేపరు బ్యాలెట్లే వాడతాయన్న సంగతి ఆయనకు తట్టింది. ఇన్నేళ్లలో యంత్రాల మోడళ్లు మారాయి గానీ ఈ వరస మారలేదు.

అయితే 2024లో ఒక కొత్త సౌకర్యం వచ్చింది: డబ్బు కట్టి అనుమానపడటం. ఆ ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు పేపరు బ్యాలెట్ల వాదనను తోసిపుచ్చుతూనే ఒక చిన్న వెసులుబాటు ఇచ్చింది. రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లోగా అడిగితే, ఐదు శాతం యంత్రాల మెమొరీని పరీక్షించాలి, ఖర్చు అడిగినవాళ్లదే. ఎన్నికల సంఘం కూర్చుని లెక్కకట్టి ఒక్కో సెట్టుకు 40,000 రూపాయలన్నది. దాని మీద 18 శాతం జీఎస్టీ. వెరసి 47,200. దేశంలో అనుమానానికి పన్ను శ్లాబు ఖరారైన ఘట్టాన్ని మన ఆర్థికవేత్తలు ఎందుకు పట్టించుకోలేదో తెలియదు. 18 శాతమంటే అది నిత్యావసరం కాదని ఒప్పుకున్నట్టే. నాలుగో స్థానంలో ఉన్నవాడు డబ్బు పట్టుకొచ్చినా అతని అనుమానం చెల్లదు. ఓటరు అనుమానానికైతే రేటే కట్టలేదు. మోసం జరిగినట్టు తేలితే సొమ్ము వెనక్కిస్తారట. జీఎస్టీ కూడా ఇస్తారో లేదో చార్టర్డ్ అకౌంటెంట్లను అడగాలి.

ఇంత పోసి కొన్న సరుకేమిటో చూడండి. ఒంగోలులో జగన్ గారి పార్టీ తరఫున ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి గారు 12 పోలింగ్ కేంద్రాల యంత్రాలకు 5,66,400 రూపాయలు కట్టారు. విజయనగరం లోక్‌సభకు ఓడిన బెల్లాన చంద్రశేఖర్ గారూ కట్టారు. రోజంతా పనిచేసి వారాల తరబడి గదిలో పడున్న యంత్రం బ్యాటరీలో 99 శాతం చార్జి ఎలా మిగిలిందని వాళ్ల పార్టీ అడిగింది. అడగదగ్గ ప్రశ్నే. జవాబుగా అధికారులు మాక్ పోలింగ్ పెడతామన్నారు. అంటే, మే 13న జనం వేసిన ఓట్ల జోలికి పోకుండా, ఇప్పుడు ఉత్తుత్తి ఓట్లు వేసి యంత్రం వాటిని సరిగ్గా కూడుతోందో లేదో చూస్తారన్నమాట. బీరువాలో నగలు పోయాయని ఫిర్యాదు చేస్తే పోలీసులొచ్చి, బీరువాకు రెండుసార్లు తాళం వేసి తీసి, భేషుగ్గా పడుతోందమ్మా అని వెళ్లిపోయినట్టుంది. అసలు డేటాను చెరపొద్దని, ఈ ఫీజు ఎక్కువని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో విడిగా చెప్పాల్సి వచ్చింది. ఆలోగానే, 2024 సెప్టెంబరులో, బాలినేని గారు జనసేనలో చేరిపోయారు. ఏ కూటమి గెలుపు మీద అయిదున్నర లక్షలు పోసి అనుమానపడ్డారో ఆ కూటమిలోకే! అనుమానాన్ని వెంట తీసుకెళ్లారో, పాత పార్టీ ఆఫీసులో వదిలేశారో మరి.

పైగా ఈ పరీక్షలు అడిగినచోట తేడాలు ఎంతెంత? ఒంగోలులో 30 వేలకు పైన, విజయనగరంలో దాదాపు రెండున్నర లక్షలు. రీకౌంటింగ్‌కు అర్థముండేది ఇలాంటిచోట కాదు, దగ్గరి ఫలితాల్లో. 2024లో మడకశిరలో తేడా 351 ఓట్లు, గిద్దలూరులో 973. 2018లో ఆదివాసీ నియోజకవర్గం ఆసిఫాబాద్ 171 ఓట్లతో తేలింది. 2019లో విజయవాడ సెంట్రల్‌ను మల్లాది విష్ణు గారు గెలిచింది 25 ఓట్లతో. పాతిక ఓట్లంటే ఒక అపార్టుమెంటు మెట్ల మీద నిలబడే జనం. అంత దగ్గరి ఫలితాన్ని రెండోసారి లెక్కపెట్టడం ఓడినవాడి హక్కు కాదు ఈ దేశంలో. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 63వదాని ప్రకారం అతను కాగితం మీద రాసి, కారణాలు చూపి, రిటర్నింగ్ అధికారిని బతిమాలుకోవాలి. ఆయన సరే అనవచ్చు, పొమ్మనవచ్చు. అమెరికాలో ఫ్లోరిడా 2000లో 537 ఓట్ల దగ్గర పరువు పోగొట్టుకుంది నిజమే, కానీ అక్కడ అర శాతంలోపు తేడా వస్తే ఎవరూ అడక్కుండానే యంత్రాల లెక్క మళ్ళీ వేస్తారు. మనకు ఆ మాత్రం రూలు రాయడానికి 1961 నుంచి తీరిక దొరకలేదు.

యంత్రం మీద ఇంత అరుపెందుకంటే, యంత్రం తిరిగి మాట్లాడదు కాబట్టి. బయటపడిన తప్పుల్లో మాత్రం చెయ్యి మనిషిదే. 41 వేలకు పైగా వీవీప్యాట్లను సరిచూస్తే తేడా వచ్చింది ఒక్కచోటేనని 2024 తీర్పులో ఉంది. ఆ ఒక్కటీ మన మైదుకూరులోనే: 2019లో 63వ నంబరు కేంద్రంలో ప్రిసైడింగ్ అధికారి మాక్ పోల్ ఓట్లు చెరపడం మర్చిపోయాడు. హర్యానాలో బువానా లాఖూ అనే ఊరి సర్పంచి ఎన్నిక 2022 నవంబరులో జరిగింది. ఒక కేంద్రంలో ఇద్దరు అభ్యర్థుల లెక్కలు తారుమారుగా రాశారు. చివరికి 2025 ఆగస్టులో యంత్రాలను సుప్రీంకోర్టు ఆవరణకే తెప్పించి లెక్కిస్తే, ఓడాడన్నవాడు 51 ఓట్లతో గెలిచాడు. యంత్రం మొదటినుంచీ నిజమే చెబుతోంది, రాసుకున్నవాళ్లే తప్పు రాశారు. గుంటూరు లోక్‌సభలో 2019లో వేల పోస్టల్ బ్యాలెట్లు కవరు మీద వరుస నంబరు లేదని చెత్తలో పడ్డాయి. గల్లా జయదేవ్ గారి మెజారిటీ 4,205. అప్పుడు వాటిని లెక్కించాల్సిందేనన్న జగన్ గారి పార్టీ, 2024లో సంతకముండి ముద్ర లేని కాగితాలను లెక్కించరాదని కోర్టుకెక్కింది.

ధర్మపురి సంగతి ఇంకా దారుణం. 2018లో తేడా 441 ఓట్లు. ఓడిన అడ్లూరి లక్ష్మణ్ కుమార్ గారు హైకోర్టుకు వెళ్లారు. ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. 2023 ఏప్రిల్‌లో, అంటే నాలుగేళ్లు దాటాక, కోర్టు ఆదేశంతో స్ట్రాంగ్ రూమ్ తెరవబోతే తాళం చెవి లేదు! ఒక నియోజకవర్గం తీర్పును భద్రంగా దాచిన గది తాళం చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కోర్టు చెబితే తాళాలు పగలగొట్టారు. దీన్ని నిర్లక్ష్యమనడం కూడా మర్యాదే. విదేశీ హ్యాకర్లు, చిప్పులు, ఉపగ్రహాలు అంటూ టీవీల్లో ఊగిపోయే పెద్దల్లో ఎంతమంది ఆ తాళం చెవి గురించి నోరు విప్పారు? దాన్ని పోగొట్టడానికి హ్యాకరు అక్కర్లేదు కాబట్టి వాళ్లకది రుచించలేదు.

దగ్గరి ఫలితాల్లో వీవీప్యాట్ స్లిప్పులన్నీ లెక్కపెట్టమంటే, రోజులు పడతాయని ఒక అభ్యంతరం ఉంది. సగం లెక్కించినా ఐదారు రోజులు ఆలస్యమవుతుందని 2019లో ఎన్నికల సంఘమే కోర్టుకు చెప్పింది. ఆంధ్రలో 2024 మే 13న ఓటేసి జూన్ 4 దాకా, 22 రోజులు, నోరు మూసుకు కూర్చున్నాం. ఇంకో వారం ఆగలేమా? పైగా అన్నిచోట్లా అక్కర్లేదు. 175 సీట్లలో వెయ్యి ఓట్లలోపు తేడాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మనిషి లెక్కపెడితే తప్పులొస్తాయన్నది రెండో అభ్యంతరం. వస్తాయి, అందుకేగా రెండోసారి లెక్కపెట్టమనేది. ఊరికే అనుమానిస్తే వ్యవస్థ మీద నమ్మకం పోతుందంటారు మూడోవారు. తాళం చెవి పోయిందని చెప్పినవాడి వల్ల పోయిందా నమ్మకం, పోగొట్టినవాడి వల్లా?

ఇక మన్యం సంగతి. 2024లో మైదానంలో పోలింగ్ ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా. అరకు, పాడేరు, రంపచోడవరాల్లో 4 గంటలకే బంద్, భద్రత కోసమట. ముంచింగిపుట్టు మండలంలో ఒడిశా గట్టు దాకా విసిరేసినట్టున్న ఊళ్ల నుంచి కొండ దిగి నడిచి రావాల్సినవాళ్లకే రెండు గంటలు కోత. ఆ రెండు గంటల్లో రాలేకపోయిన ఓట్లకు ఏ నిబంధన కింద రీకౌంటింగ్ అడగాలి? అరకు లోక్‌సభలో నోటాకు 2019లో 47,977 ఓట్లు పడ్డాయి. 2024లో 50 వేలు దాటాయి. అక్కడ గెలిచిన గుమ్మా తనూజారాణి గారి మెజారిటీ 50,580. గిరిజనులు తెలియక నొక్కారని కొందరు, కోపంతో నొక్కారని కొందరు ఎవరికి తోచింది వాళ్లు తేల్చేశారు. వచ్చి అడిగినవాళ్లు ఎంతమంది? నోటాకు ఏజెంటు ఉండడు, లెక్కింపు బల్ల దగ్గర కుర్చీ ఉండదు. రెండో స్థానంలోకి వచ్చినా పరీక్ష ఫీజు కట్టించుకోరు, ఎందుకంటే అది అభ్యర్థి కాదు. ఒకరి ఓటమిని అనుమానించడానికి రసీదు పుస్తకం అచ్చువేసిన వ్యవస్థ, యాభై వేలమంది ఎవరూ వద్దని ఎందుకన్నారో విచారించడానికి ఒక గుమస్తాను కూడా పంపలేదు.

రేపో మాపో నాయకులు ఘాట్ రోడ్డెక్కి ఓట్లడగడానికి వస్తారు. బ్యాలెట్ మంచిదా, ఈవీఎం మంచిదా అని వాళ్లతో వాదన పెట్టుకోకండి. గెలిచిన రోజున ఆ అభిప్రాయం ఎలాగూ మారుతుంది. మూడే అడగండి: దగ్గరి ఫలితాలకు పైసా ఖర్చు లేకుండా దానంతటదే రీకౌంటింగ్ జరిగే రూలు కోసం, అధికారంలో ఉన్న ఐదేళ్లలో, ఒక్క కాగితం రాశారా? స్ట్రాంగ్ రూమ్ తాళం చెవి పోగొట్టినవాడికి ఏ శిక్ష వేయించారు? ముంచింగిపుట్టులో సాయంత్రం 6 దాకా పోలింగ్ ఎప్పుడు? జవాబు లేనివాడికి సంతలో మైకు ఇవ్వకండి.