మొదటి డికాషన్ ఎవరిది?

పలాసలో జీడిపప్పుకి కరువు లేదు. ఉద్దానంలో కొబ్బరికాయకి కరువు లేదు. కరువల్లా మా వంటింట్లో కాఫీపొడికే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తోటల్ని నేలకూల్చి, రోజుల తరబడి కరెంటు లేకుండా చేసినప్పుడు కూడా, కట్టెల పొయ్యి మీద కాచైనా సరే పొద్దుటి కాఫీ నా చేతికొచ్చింది. తుఫాను ఆపలేని కాఫీని ఇప్పుడొక ఇటలీ ఆవిడ ఆపేసింది. పేరు మోనాలిసా.

సెలవులకి వచ్చిన మా అమ్మాయి రంగులు మానేసి కాఫీతో మహామహుల చిత్రాలు వేస్తోంది. మొన్న బల్ల మీద చిక్కటి గ్లాసు కనబడితే ఆశగా ఎత్తాను. "నాన్నా, తాగేయకు! అది మోనాలిసా జుట్టు!" అని కేక. పక్కనున్న పల్చటి గ్లాసు బుగ్గలట. నా వాటాకి బ్రష్షు కడిగిన నీళ్ళు మిగిలాయి.

ఈ విద్యలో తెల్లరంగు ఉండదు. వెలుగు కావలసినచోట కాగితాన్ని ఖాళీగా వదిలేస్తారు. నీడకి మాత్రం పూత ఆరాక పూత, దాని మీద ఇంకో పూత. మోనాలిసాకి నీడ మెండు. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరకు కాఫీ, సగం పొట్లం, ఆవిడ బట్టలకే సరిపోయింది. కనుబొమ్మలు లేకపోవడం ఒక్కటే ఆవిడ నాకు చేసిన మేలు. 1911లో లూవ్ర్ నుంచి ఆవిణ్ణి ఎత్తుకుపోయిన దొంగ రెండేళ్ళకి దొరికాడు. మా ఇంట్లో ఆవిడే నా కాఫీ ఎత్తుకుపోతోంది, పట్టుకునే దిక్కు లేదు.

"పోనీ, 1921లో మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్యగారి బాణీలో వెయ్యమ్మా" అన్నాను, జిల్లా మీద మమకారం కొద్దీ. చందమామ అట్టల మీద అన్ని రంగులు కురిపించిన చెయ్యి ఆయనది. కాఫీలో దిగేసరికి నెమలి కాస్తా కోడిపెట్టయింది.

"మరకే కావాలంటే జీడిపిక్కల రసం లేదా? మన ఊరి సరుకు, అంటితే వదలదు" అన్నాను.

"పిక్కలు కొట్టే ఆడోళ్ళ చేతులు సూడలేదేటి మీరు? పిల్లని కాల్చుకోమంటారేటి?" అంది మా ఆవిడ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఎండ తగిలితే కాఫీ రంగు వెలిసిపోతుందని తెలిసి లోలోపల సంతోషించాను. "వెలిసినప్పుడల్లా మళ్ళీ వేస్తాలే నాన్నా" అని ఓదార్చింది అమ్మాయి.

కాబట్టి ఇల్లాలికీ కళాకారిణికీ నా విన్నపం ఒక్కటే. ఫిల్టరులో మొదటి డికాషన్ గృహస్థుది, రెండోది కళది. పల్చనైందంటారా, బొమ్మకి రెండు పూతలు ఎక్కువ వేసుకోండి. పల్చటి కాఫీ రెండు గ్లాసులు పోసినా నాకది ఒక కాఫీ కాదు.