కరెంటు టేపు కెమెరా

జర్మనీవాళ్ళ లైకా కెమెరాకి ముఖాన ఎర్రటి చుక్క ఉంటుంది, బొట్టు పెట్టుకున్న ముత్తైదువలాగా. 2011లో ఆ కంపెనీ ఎం9-పీ అని ఒకటి దింపింది. చుక్క తీసేశారు, వెనక తెరకి గీతలు పడని సఫైర్ గాజు వేశారు, ధర పెంచారు. అందులో గాజుకెంత, చుక్క లేనందుకెంత అనేది బిల్లులో ఉండదు. ఉన్నది తీసేసి ఎక్కువ పుచ్చుకునే ఈ కిటుకు కర్ణాటకలోని మా గోరేబాళ చుట్టుపక్కల ఏ రైసుమిల్లు యజమానికీ ఇంకా తట్టలేదు.

దీనికంతటికీ మూలపురుషుడు కార్తియే-బ్రెసాఁ అనే ఫ్రెంచి ఫొటోగ్రాఫరు. 1948 జనవరిలో గాంధీగారు చనిపోయే ముందు ఆయన్ని కలిసి ఫొటోలు తీసింది ఈయనే. తన లైకా మీద తళతళలాడే చోటల్లా నల్లటేపు చుట్టేవాడు. జనం కంటబడకుండా పని కానిచ్చుకోవడానికి వేసిన ఎత్తు అది. ఆయన పనికోసం చేశాడు. తర్వాతివాళ్ళు ఆ పని వదిలేసి టేపు పట్టుకున్నారు.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు అలాంటివాడే. సంక్రాంతికి కెమెరా మెళ్ళో వేసుకుని దిగాడు. కంపెనీ పేరున్నచోట నల్లటేపు. తుంగభద్ర ఎడమకాలువ నీళ్ళు చూసుకుని కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ జనం మేము. మా ఊళ్ళ పేర్లకి వెనకాల ‘క్యాంపు’ అన్న తోక ఇప్పటికీ ఊడలేదు. మోటారు స్టార్టరు దగ్గర తప్ప ఆ టేపుని ఇంకెక్కడా చూసి ఎరగం.

“ఏరా అబ్బాయ్, షాకు గానీ కొడుతోందా?” అన్నాడు అరుగు మీది పెద్దాయన.

“లేదు తాతయ్యా, పేరు కనపడకుండా నేనే అంటించా.”

“అంత డబ్బు పోసి కొని పేరు దాచుకోడమేంట్రా? ఎక్కడన్నా ఎత్తుకొచ్చావా?”

వాడికి జవాబు తోచలేదు. పెద్దాయన అనుమానంలో తప్పేం లేదు. మా దగ్గర పేరు చెరిపిన వస్తువంటే దొంగసొత్తే.

పేరు చెరపడం సంగతి అటుంచి, ఉన్నదాని పక్కన ఇంకోటి ఎక్కించడమే మా అలవాటు. సింధనూరులో స్టీలుసామాన్ల కొట్టుకి వెళ్ళి చూడండి. బిందె కొన్నాక పేరు కొట్టించకుండా గుమ్మం దిగిన ఇల్లాలిని నేను చూడలేదు. ఇదివరకు ఉలితో చుక్కచుక్కగా కొట్టేవారు, ఇప్పుడు కరెంటు మెషీను పళ్ళు జివ్వుమనిపిస్తూ రాసేస్తుంది. ఇంటిపేరు, పెళ్ళి తేదీ, చదివించినవారి పేరు, చోటు మిగిలితే ‘శుభాకాంక్షలతో’. భోజనాలకి పక్కింటికెళ్ళిన గుండిగ తిరిగి సొంతింటికి చేరేది ఆ చుక్కల వల్లే. ఎవరి పెళ్ళికి ఎవరు చిన్న చెంబుతో సరిపెట్టారో ముప్ఫయ్యేళ్ళ తర్వాత సాక్ష్యం చెప్పేవీ అవే. ఆ బిందె చేసిన కంపెనీ ఏదో కొన్నవాడికీ తెలీదు, అమ్మినవాడికీ గుర్తుండదు.

ట్రాక్టరుదీ అదే వరస. బానెట్ మీద కంపెనీవాడి పేరు వాడికి వదిలేస్తాం. ట్రాలీ మాత్రం మాది. దేవుడు, నాన్న, పిల్లలు, ఒకవైపు తెలుగులో, రెండోవైపు కన్నడంలో. బైకు నంబరు ప్లేటు మీద కెఏ-36 పక్కన అభిమాన హీరో కూడా ఇరుక్కుని కూర్చునేవాడు. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్ళకి ప్రభుత్వంవారి హోలోగ్రాం ప్లేటు తప్పనిసరయ్యాక పాపం ఆయన మడ్‌గార్డు మీదికి దిగాడు.

పేరు దాచే ముచ్చట మాకు ఒక్క బియ్యం సంచితోనే. సోనా మసూరి పండించేది మేము. మిల్లు దాటాక బస్తా మీద ఏ ఏనుగో, లక్ష్మీదేవో వెలుస్తుంది, మా పేరు ఎక్కడా ఉండదు. అదే ఖాళీ సంచిని మా ఆడవాళ్ళు తిరగేసి, ఏనుగు లోపలికి పోయేలా చేతిసంచి కుట్టిస్తారు. ఇదీ లోగో తీసేయడమే. ధర మాత్రం పెరగదు.

పెళ్ళి ఫొటోగ్రాఫర్ల దారి వేరు. నైకాన్ పట్టీ మీద పసుపు అక్షరాలు పందిరి ఆ చివరికి కూడా కనిపించాలి. పెళ్ళికూతురి తండ్రి బేరమాడేముందు చూసేది ఫొటోల్ని కాదు, పట్టీని. వాళ్ళలో ఎవడైనా మా మేనల్లుడిలా టేపు వేస్తే అడ్వాన్సు కూడా పుట్టదు. పేరు దాచుకోవడం జీతం రాళ్ళు నెలనెలా పడేవాడికే చెల్లే సరదా అని నా తీర్పు.

అయినా టేపు వేసి తీరతామనేవాళ్ళకి ఒక మనవి. చాలా కెమెరాలకి అడుగున సీరియల్ నంబరు ఉంటుంది. కెమెరా పోయి పోలీసుస్టేషను మెట్లెక్కితే మీదేనని రుజువు చేసేది అదే. దాని మీద మాత్రం అంటించకండి. ఆ నంబరు ఒక కాగితం మీద రాసి, బిల్లుతో పాటు బీరువాలో పెట్టుకోండి.