పోలో కర్ర ఆత్మకథ

నా దేహము బెత్తము, నా తల వెదురు. నన్ను మలచిన పనివాని పేరు నేనెరుగను. రౌతు దౌడు తీయుచున్న గుఱ్ఱముపైనుండి వంగి విసరినపుడు బంతిని తల మొనతో గాక తల పార్శ్వముతో తాకవలయుననియు, గురి వెండ్రుకవాసి తప్పినను గుఱ్ఱపు కాలికే గాయమగుననియు తొలినాడే నేర్చితిని.

నన్ను పట్టినవాడు గోల్కొండ దళమునందలి ఒక సవారు. ఆ దళనాయకుడు మీర్జా మహమ్మదాలీ బేగు, అఫ్సరుల్ ముల్కు బిరుదుతో ప్రసిద్ధుడు. నిజాము మహబూబలీ పాషా కొలువులో ఎదిగి ఆయన సేనలకు అధిపతియై, 1900లో చైనా యుద్ధమునకు సైతము పోయి వచ్చినవాడు. పోలో తానాడినవాడు, పదిమందిచే ఆడించినవాడు. ఆయన పోషణలో గోల్కొండ జట్టు పేరు వినిన దొరల పల్టనులే జంకెడివి.

అట్టి మా జట్టు 1896లో గోల్కొండ కప్పు పోటీలో ఓడినది. బెంగుళూరు నుండి వచ్చిన నాలుగవ హుస్సార్లను దొరల రౌతుదళము వారు, పూనా లైట్ హార్సు వారి పోలో గుఱ్ఱములను మూకుమ్మడిగా కొనుకొని, దేశమున దిగి యాబది దినములైనను నిండకమునుపే తొమ్మిది గోలులకు మూడుగా మమ్ము గెలిచి కప్పు ఎత్తుకొనిపోయిరి. వారిలో చర్చిల్ అను కుర్ర అధికారి యొకడు. అతని పేరు జగమెరుగును. ఆనాడు చెమటలో తడిసి నా పిడిని విడువని మా సవారు పేరు ఏ పుస్తకమునను లేదు. ఆ బాధ నాకు నేటికిని ఆరలేదు.

1930లో మా దళనాయకుడు అఫ్సరుల్ ముల్కు గతించెను. 1948లో సంస్థానమే ముగియగా రిసాలాలు చెదరెను. చేతులు మారి మారి నేను బొలారం దారిన షామీర్‌పేట చెరువు దాపున నున్న ఒక తోటకు చేరితిని. అచట నాతో చింతకాయలు రాల్చిరి. వాన గాలికి తలుపు కొట్టుకొనకుండ అడ్డు పెట్టిరి. అంతయు సహించితిని. కాని ఒకనాడు మేడ్చల్ నుండి వచ్చిన కూలివాడు నా తల మొనతో పశువుల గూటములు దిగగొట్టెను. బంతిని సైతము మొనతో తాకనొల్లని నా తల ఆనాడు నిలువున పగిలెను. వాని తప్పేమున్నది, నేనెవరో వానికి చెప్పినవారు లేరు. చెప్పవలసిన యజమాని, కొన్న సామానులో నేనున్నట్లే యెరుగడు.

బెత్తమింకను వంగి నిటారగుచున్నది. పిడికి కొత్త నాడా చుట్టి, వెదురు తల మార్చినచో చాలును, మైదానమునకు నేను సిద్ధము.