మూడో ప్రమాద హెచ్చరిక

భద్రాచలం దగ్గర గోదావరికి మర్యాద తెలుసు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71 అడుగులు దాటినప్పుడు కూడా చెప్పే దాటింది. మా అడవి అంచు ఊళ్ల కుక్కలదీ అదే మర్యాద. కూడు ముట్టకపోతే మొదటిది, చిగుళ్లు పాలిపోతే రెండోది, ముక్కులోంచి నెత్తురు కారితే మూడోది. ఏరు మొదటిసారి చెప్పగానే బియ్యం బస్తాలు అటకెక్కించే మనం, కుక్క మూడోసారి చెప్పాక గానీ ‘దవాఖానకు తయారు చెయ్యండి’ అనం.

ఆ తయారీ చూసి తీరాలి. ముందు స్నానం. జ్వరంతో వణికేదాన్ని బోరు కింద నిలబెట్టి బట్టల సబ్బుతో తోముతారు, డాక్టరు ముందు పరువు పోకూడదు కదా! పిడుదులన్నీ ఏరి నిప్పుల్లో వేస్తారు. పిడుదుల జ్వరమేమోనని వెతకాల్సిన డాక్టరుకు నున్నటి, పౌడరు పూసిన కుక్క దర్శనమిస్తుంది. తర్వాత ‘మాడబెట్టారు’ అనిపించుకోకుండా నోరు తెరిచి పాలన్నం కుక్కుతారు. దుమ్ముగూడెం రోడ్డు గుంతల్లో అది ఆటో సీటు మీదికే తిరిగొస్తుంది. వాంతి ఏ రంగులో ఉందని డాక్టరడిగితే జవాబు సిద్ధం: పాలన్నం రంగు.

ఇదంతా చిల్లర. అసలు వైద్యం వారం కిందే అయిపోయింది. మిరపచేనుకు కొట్టగా సీసా అడుగున మిగిలిన పురుగుమందు దాని ఒంటికి పట్టించారు. ‘పిడుదులు చస్తయి గద!’ చస్తాయి. ఒళ్లు నాక్కునే జంతువు గనక వాటి వెనకే కుక్కా బయల్దేరుతుంది. (అడవి పిడుదులని తిట్టుకుంటాం గానీ, కుక్క పిడుదు గుడ్లు పెట్టేది ఎక్కువగా మన గోడ పగుళ్లలోనే. గోడకు సున్నం వెయ్యడం మాత్రం ఎవరికీ తట్టదు.)

ఇప్పుడు కుక్క చొంగ కారుస్తోంది, వణుకుతోంది. డాక్టరు రేబిసేమోనని దూరం జరగాలా, డిస్టెంపరనుకోవాలా, లేక విషమని అట్రోపిన్ సూది పట్టుకోవాలా?

‘ఏమైనా మందు పూసిన్రా?’

‘ఏం పుయ్యలే సార్. నిన్నటిదాకా మంచిగనే ఉండె.’

వెంట వచ్చిన నలుగురూ ఔనంటే ఔనన్నారు. దారిలో ఆటో డ్రైవరు చెప్పాడని సగం పారాసిటమాల్ బిళ్ల మింగించిన సంగతి కూడా ఎవరికీ గుర్తు లేదు. టీకా కార్డా? ఇంట్లో దేవుడి పటం వెనకుంది. విరేచనం కాస్త డబ్బాలో తెమ్మంటే ముక్కు మూసుకున్నారు. కరవకుండా మూతికి కట్టే గుడ్డ పేలిక లేదు గానీ, మెడలో కొత్త ఎర్రటి పట్టా, దానికో గజ్జె ఉన్నాయి.

డాక్టరుకు అన్నిటికంటే ముందు కావాల్సింది ఆ పురుగుమందు సీసా, దాని మీది పేరు. నిజానికి సీసా వచ్చింది కూడా. ఆటో సీటు కింద, శుభ్రంగా కడిగి, మూత బిగించి ఉంది. తిరిగి పోయేటప్పుడు డీజిల్ పోయించుకుందామని తెచ్చారు.