చాంబర్ బోల్టు పద్యం: టీకా, తాత్పర్యం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాసిన కోలాచలం మల్లినాథసూరి మన మెదకు సీమవాడు. మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ఆయన ముందే నియమం పెట్టుకున్నాడు. ఆ నియమం పాటిద్దామంటే ఈ టీకాకారుడికి ఒక చిక్కు వచ్చిపడింది. ఇంజను కింద ఆయిల్ కారడం మీద పూర్వకవులు ఎవరూ నోరు విప్పినట్టు లేదు. మూలం లేనిదే టీకా నిలవదు గనక మూలాన్ని కూడా టీకాకారుడే కట్టుకున్నాడు. కవిహృదయం కనుక్కోవడానికి ఇంతకంటే దగ్గర దారి లేదు.

రంగస్థలం చింతలనార్. 2012లో దంతెవాడ నుంచి విడివడిన సుక్మా జిల్లాలో, దోర్నాపాల్ నుంచి జగర్‌గుండా పోయే సుమారు 56 కిలోమీటర్ల దారి మీద, చింతగుఫా, బుర్కాపాల్ దాటాక వచ్చే ఊరు. 2010 ఏప్రిల్ 6న దగ్గర్లోని తాడ్‌మెట్ల అడవిలో 76 మంది భద్రతా సిబ్బంది ప్రాణాలు పోయినప్పుడు దేశమంతా ఈ పేరు విన్నది. ఆ దారిని తవ్వడం, పేల్చడం, మళ్లీ పూడ్చడం ఏళ్ల తరబడి సాగింది. ఆ చరిత్ర ఈ టీకాకు మించినది. పద్యానికి కావలసిన సందర్భం మాత్రం ఇది: గోతుల దారిలో రాయి తగిలేది బండి పొట్టకు, పొట్టలో దిగువన వేలాడేది ఆయిల్ చాంబర్, చాంబర్‌కు అడుగున ఉండేది డ్రైన్ బోల్టు.

మూలం

బొట్టు బొట్టు జారు బోల్టును గని పట్టి
మరల మరల తిప్ప మరను చెఱచు
పాత వాచ రొలిచి పదిలమ్ముగా నొండు
కొత్త దునుప బండి కొండ దాటు

ప్రతిపదార్థం

బొట్టు బొట్టు జారు = ఒక్కో చుక్కగా ఆయిల్ కారుతున్న; బోల్టును = చాంబర్ అడుగున ఉన్న డ్రైన్ బోల్టును; కని = (బండి కింద దూరి) చూసి; పట్టి = పానాతో పట్టుకొని; మరల మరల తిప్పన్ = పదేపదే బిగించగా; మరను = చాంబర్‌లోని త్రెడ్డును; చెఱచున్ = పాడుచేయును; పాత వాచరు = అణగి గట్టిపడిన పాత వాచరును; ఒలిచి = చాంబర్‌కు అంటుకుపోయినా వదలక గోటితోనో స్క్రూడ్రైవరుతోనో ఊడదీసి; పదిలమ్ముగాన్ = జాగ్రత్తగా; ఒండు కొత్తది = కొత్తదానిని ఒకదానిని; ఉనుపన్ = ఉంచగా; బండి కొండ దాటున్ = వాహనము గట్టెక్కును.

తాత్పర్యం

డ్రైన్ బోల్టు దగ్గర ఆయిల్ కారుతుంటే బిగించడం వైద్యం కాదు. బోల్టు విప్పి, పాత వాచరు తీసేసి, కొత్తది వేసి, తగుమాత్రం బిగించాలి.

విశేషాలు

ఛందస్సు ఆటవెలది. వేమనకు ఇష్టమైన ఈ ఛందంలో మెకానిక్కుకు చోటు లేకుండా పోతుందా?

‘బొట్టు బొట్టు’ అన్న ద్విరుక్తిని అలక్ష్యం చేయరాదు. ముప్పై చుక్కలకు ఒక మిల్లీలీటరు అని ఉజ్జాయింపుగా పట్టుకుందాం. నిమిషానికి ఒక చుక్క చొప్పున రోజుకు 48 మిల్లీలీటర్లు, నెలకు దాదాపు లీటరున్నర. సెకనుకు ఒక చుక్కయితే రోజుకు మూడు లీటర్లకు కాస్త తక్కువ. మొదటిదానికి గేజీ చూసుకుంటూ ఊరు చేరవచ్చు. రెండోదానికి అక్కడే ఆగాలి. ఆయిల్ చాలక బేరింగులు అరిగిపోయిన ఇంజనుకు టీకా రాయడానికి ఎవరికీ చేతులు రావు.

‘కని’ అనే పదం పద్యానికి ప్రాణం. చాలామంది కనరు, ఊహిస్తారు. వాల్వు కవరు దగ్గర కారినా, ఫిల్టరు దగ్గర కారినా, క్రాంకు వెనక సీలు దగ్గర కారినా ఆయిల్ కిందికే దిగుతుంది. చివరికి బోల్టు తలమీద చేరి చుక్క కడుతుంది. అందరికంటే కింద ఉన్నవాడి మీద నింద పడటం ఇంజనులోనూ తప్పలేదు. కాబట్టి డీజిల్ తడిపిన గుడ్డతో చాంబర్ అంతా తుడిచి, ఆరాక ఇంజను కాసేపు ఆడించి, ఏ చోట మొదట తడి కనిపించిందో చూడాలి. బోల్టు చుట్టూ మాత్రమే తడిస్తే ఈ పద్యం వర్తిస్తుంది. పైనుంచి ధార కట్టి దిగితే వేరే పద్యం కావాలి.

పాఠాంతరం. కొన్ని డ్రైవరు ప్రతుల్లో రెండో పాదం ‘మరల మరల తిప్ప మనకు మేలు’ అని ఉంది. యతి కుదిరింది, గణాలు కుదిరాయి, చాంబర్ పగిలింది. ఆ ప్రతుల్లో మూడో పాదం బొత్తిగా లేదు. అందుచేత అది ప్రక్షిప్తమని తేల్చడమైనది.

పూర్వపక్షం

“అన్నా, ఇంకో పావు చుట్టు తిప్పితే ఆగుద్ది గదా?” అని డ్రైవరు వాదం.

“ఆగేది ఆయిల్ గాదు తమ్మీ, బండి,” అని మెకానిక్కు సమాధానం.

ఈ సమాధానానికి భాష్యం: చాంబర్‌లో ఆయిల్‌కు పంపు ఒత్తిడి ఉండదు. పంపు అక్కడి నుంచి పీల్చి పైకి తోస్తుంది, ఒత్తిడంతా పైనే. అడుగున బోల్టు మీద పడేది ఆయిల్ బరువు మాత్రమే. ఆ కాస్త బరువును ఆపడానికి భీముడి పట్టు అక్కరలేదు, సరిగా ఆనే వాచరు చాలు. రాగి వాచరు మెత్తనిది. మొదటిసారి బిగించినప్పుడు అణగి, బోల్టు తల కిందా చాంబర్ మీదా ఉన్న సన్నని గీతల్లోకి సర్దుకుని దారి మూస్తుంది. అణగడంతోనే గట్టిపడుతుంది కూడా. రెండోసారి అదే వాచరును అదే చోట సరిగ్గా కూర్చోబెట్టలేం. అప్పుడు ఎంత తిప్పినా పెరిగేది త్రెడ్డు మీద భారం. చాంబర్ అల్యూమినియందైతే, ఉక్కు బోల్టు ముందు దాని మర నిలవదు.

ఎంత బిగించాలి? బండి పుస్తకం చెప్పినంత. మామూలు బండ్లకు అది తరచుగా 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. అడుగు పొడుగు పానా చివర పది కిలోలు వేలాడదీస్తే దాదాపు 30 అవుతుంది. పానాకు పైపు తొడిగి, దాని మీద మనిషి నిలబడటం ఏ పుస్తకంలోనూ లేదు.

మతాంతర ఖండనం

సబ్బు మతం: డీజిల్ ట్యాంకు చిల్లికి సబ్బు రుద్దితే కాసేపు ఆగిన మాట నిజమే. కానీ వేడెక్కిన ఇంజను ఆయిల్ వంద డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. సబ్బు కరిగి దారి వదులుతుంది.

ఎమ్‌సీల్ మతం: జిడ్డు మీద అంటదు. అంటినా తర్వాతి ఆయిల్ మార్పిడికి దాన్ని ఉలితో చెక్కాలి.

టెఫ్లాన్ టేపు మతం: ఈ బోల్టు మూసేది త్రెడ్డుతో కాదు, తల కింది వాచరుతో. టేపు ముక్క ఊడి లోపలికి పోతే పంపు జాలీలో చిక్కుతుంది.

ఆపద్ధర్మం

చింతలనార్ నుంచి దోర్నాపాల్ నలభై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ దొరక్కపోతే హైవే ఎక్కి కుంట, అది దాటి చింతూరు, ఇంకా కాదంటే భద్రాచలం. వారపు సంతలో బోల్టు సైజుకు వాచరు దొరుకుతుందని ఏ శాస్త్రమూ హామీ ఇవ్వదు. అందుకు ఒక ఉపాయం ఉంది. పాత వాచరు రాగిదే అయితే బొగ్గుల మీద సన్నగా ఎర్రబడేదాకా కాల్చి చల్లార్చాలి. గట్టిపడ్డ రాగి మళ్లీ మెత్తబడుతుంది. పైన కట్టిన మసి గరుకు కాగితంతో తుడిచి, రెండు వైపులా చదునుగా ఉందో లేదో చూసి వాడుకోవచ్చు. అల్యూమినియం వాచరుకు ఈ ప్రయోగం చేయరాదు. అది ఎర్రబడి ముందుగా చెప్పదు, కరిగిపోయాక తెలుస్తుంది.

ఆయిల్ కొత్తదే అయితే పారబోయనక్కరలేదు. ఇంజను గోరువెచ్చగా అయ్యాక శుభ్రమైన బేసినులో పట్టి, దుమ్ము పడకుండా మూతపెట్టి, పని అయ్యాక వడగట్టి తిరిగి పోసుకోవచ్చు. బండి కింద దూరేముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి. జాకీ ఒక్కదాన్ని నమ్మి పొట్ట కింద పడుకోరాదు.

మర అప్పటికే పోయి ఉంటే పద్యం చేతులెత్తేస్తుంది. ఓవర్‌సైజు బోల్టు కోసుకుంటూ దిగితే రజను చాంబర్‌లో పడుతుంది. చాంబర్ దింపి, కొత్త మర వేయించి, కడిగి ఎక్కించడం మేలు. అది ఊళ్లో పని కాదు, వర్క్‌షాపు పని.

అలంకారం

మొదటి మూడు పాదాలు స్వభావోక్తి. నాలుగోది అతిశయోక్తి. ‘కొండ’ అంటే చింతూరు నుంచి మారేడుమిల్లికి ఎక్కే ఘాటు అని తెలుగు వైపు వ్యాఖ్యాతలు, జగదల్‌పూర్ దారిలోని దర్భా ఘాటు అని బస్తర్ వైపు వ్యాఖ్యాతలు అంటారు. వాచరు ఏ కొండనూ ఎక్కించదు. ఎక్కేటప్పుడు అడ్డం రాదు, అంతే.

ఫలశ్రుతి

ఈ పద్యం చదివినవారికి పుణ్యం వస్తుందని చెప్పలేం. పాటించినవారికి చాంబర్ మిగులుతుంది. ఆయిల్ మార్పించిన ప్రతిసారీ వాచరు కూడా మార్చమని మెకానిక్కును అడగండి. చింతలనార్ వంటి ఊళ్లకు బండి తీసేవారు డాష్‌బోర్డులో దేవుడి బొమ్మ పక్కన మీ బోల్టు సైజుకు సరిపడే రెండు వాచర్లు, ఒక కొత్త బోల్టు పెట్టుకోండి. తీసిన పాత ఆయిల్ వాగులో పోయకండి. 2016 నాటి నిబంధనల ప్రకారం అది ప్రమాదకర వ్యర్థం, వాగు నీళ్లు తాగే ఊళ్లకు అంతకంటే ముందే తెలిసిన విషం. డబ్బాలో పట్టి వర్క్‌షాపుకు ఇచ్చేయండి.